టక్‌టక్ అంటేనే స్నానం: మా గ్యాస్ గీజరుతో ఆరు చలికాలాలు

కుళాయి తిప్పగానే వాష్ ఏరియా నుంచి టక్‌టక్‌టక్ అని మూడు నాలుగు సార్లు వినిపించాలి. ఆ వెంటనే బుస్సుమని మంట అందుకోవాలి. ఈ రెండు చప్పుళ్లు వరసగా వస్తే ఆ పొద్దు మా ఇంట్లో అందరూ మంచివాళ్లే. రాకపోతే మా అత్త మొదలుకొని చిన్నోడి దాకా ఎవరినీ పలకరించలేం.

2019 నవంబరులో సుభాష్ రోడ్డులో కొన్నాం. నిమిషానికి 6 లీటర్ల రకం, అప్పట్లో 4,200 రూపాయలు. అంగడిలో ఉన్నవాటిలో చవక నుంచి రెండోది. అన్నిటికంటే చవకదాని మీద ఐఎస్ఐ ముద్ర లేదు. ఈ వస్తువుకు ఐఎస్ 15558 అనే ప్రమాణం ఒకటుందని ముందే చదివి పోయాను కాబట్టి దాన్ని పక్కన పెట్టించాను. ఖరీదైనవాటికి ముందు అద్దం, అంకెలు వెలిగే తెర ఉన్నాయి. గోడవతల తగిలించే డబ్బాకు అద్దమెందుకని అడిగితే అంగడాయన నవ్వి ఊరుకున్నాడు.

అనంతపురంలో గీజరా అని మీరూ నవ్వొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మా మిద్దె మీది ట్యాంకే గీజరు. మధ్యాహ్నం మూడింటికి కుళాయి కింద చేయి పెడితే కాలుతుంది. కానీ కార్తీకం మొదలు సంక్రాంతి దాకా తెల్లవారుజామున ఆ ట్యాంకు నీళ్లు వేరే ఊరి నీళ్లలా ఉంటాయి. అత్త నాలుగున్నరకు తలస్నానం చేసే మనిషి. కళ్యాణదుర్గం వైపు పల్లెలో ఉన్నన్నాళ్లూ ఆమెకు రాగి అండా, కందికట్టె. టౌనుకు వచ్చాక పొయ్యి పెట్టే చోటే లేదు. మేముండేది అద్దెకు, పై పోర్షన్‌లో. పాత వైరింగులో కరెంటు గీజరు వద్దని ఓనరు ముందే చెప్పేశాడు. సోలార్ మాట ఎత్తితే మిద్దె మీద బరువు అన్నాడు. అలా గ్యాస్‌కు వచ్చాం.

మొదటి చలికాలం నేను చేసిన ప్రచారం చూసి మా అన్న "కంపెనీ వాళ్లు నీకేమన్నా ఇస్తున్నారా?" అన్నాడు. నలుగురం వరసగా పోసుకున్నా నీళ్లు చల్లబడే బాధ లేదు. కరెంటు లేకపోయినా పనిచేస్తుంది, ఎందుకంటే నిప్పు రాజేసేది టార్చిలైటులో వేసే రెండు పెద్ద సెల్లులు. ఈ చివరి మాటను నేను కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. ఇప్పుడు దాన్ని కొంచెం సవరించుకోవాలి. గీజరుకు కరెంటు అక్కర్లేదు గానీ, ట్యాంకులోకి నీళ్లు ఎక్కించే మోటారుకు కావాలి. అదైనా పర్వాలేదు, ముందురోజు నింపుకుంటాం. అసలు చిక్కు ట్యాంకులో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయనే దాంట్లో ఉంది. నాకది 2021లో తెలిసింది.

ఆ నవంబరు వానలు మన సీమలో ఎవరూ మర్చిపోరు. కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ వారంలోనే. మా వీధిలో మోకాటి లోతు నీళ్లు. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున అత్త భుజాన తువ్వాల వేసుకుని బాత్రూం ముందు నిల్చుంది. కుళాయి తిప్పాను. నిశ్శబ్దం. కట్టేసి మళ్లీ తిప్పాను. ఏమీ లేదు. సెల్లులు అయిపోయి ఉంటాయని అటక మీద దాచిన కొత్త జత వేశాను. అప్పటికీ చప్పుడు లేదు. కరెంటు కూడా లేదు కాబట్టి నీళ్లు కాచే రాడ్డు కూడా పనికిరాదు. వంటింటి పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టి కాచి బకెట్లో పోస్తుంటే అత్త ఒకే మాట అంది. "మా అండాకు యాపొద్దన్నా సెల్లులు వేసింటిమా?"

వానలు తగ్గి మెకానిక్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. వచ్చినాయన కింది మూత విప్పి, అరచేతిలో పట్టేంత పచ్చ బోర్డు చూపించి, "ఇది పోయిందక్కా, తేమకు" అన్నాడు. వానలు చూశాం కాబట్టి నమ్మబుద్ధేసింది. బోర్డుకు, కూలికి కలిపి 1,600. పెట్టిన వెంటనే టక్‌టక్ అంది. ఆయన బండి వీధి మలుపు తిరగకముందే నేను అత్తకు వేడినీళ్లు పట్టాను.

రెండు రోజులు బాగుంది. మూడో రోజు మళ్లీ నోరు మూసుకుంది. ఫోను చేస్తే "వస్తా అక్కా", మరుసటి రోజు "రేపొస్తా అక్కా", ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

దారి చూపించింది గీజర్లతో సంబంధం లేని మనిషి. వాన నీళ్లు సంపులోకి దిగి ఎర్రమట్టి పేరుకుపోతే, ఓనరు మోటారు మెకానిక్‌ను పిలిపించాడు. అరవై ఏళ్లు దాటిన ఆయన. టీ ఇవ్వడానికి పోయి నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన మెట్లెక్కి వచ్చి, గీజరును ముట్టుకోకుండా ముందు వేడినీళ్ల కుళాయి తిప్పి ధార చూశాడు. చన్నీళ్ల కుళాయి తిప్పి ఆ ధారా చూశాడు. "సన్నంగా వస్తాందే, చూడలేదా తల్లీ?" అన్నాడు. వేడినీళ్ల ధార ఎప్పుడూ కొంచెం సన్నమే కదా అని నేను పట్టించుకోలేదు మరి.

నీళ్లు లోపలికి పోయే పైపు మర విప్పి వేలితో లాగితే, కుట్టుపనిలో వేలికి పెట్టుకునే టోపీ అంత జల్లెడ బయటికి వచ్చింది. నిండా ఎర్రమట్టి, దాంతో పాటు తెల్లటి సున్నం పెళ్లలు. పాత పళ్ల బ్రష్షుతో రుద్ది కడిగి పెట్టాడు. కుళాయి తిప్పితే టక్‌టక్‌టక్, బుస్. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పారేయకుండా దాచిన పాత బోర్డును ఆయనతోనే మళ్లీ పెట్టించి చూశాను. అదీ టక్‌టక్ అంది. 1,600 ఎటు పోయాయో అప్పుడు అర్థమైంది. మొదటి మెకానిక్ పైపులు విప్పి తగిలించడంలో జల్లెడలో మట్టి కాస్త కదిలి, ఆ రెండు రోజులు పనిచేసి ఉంటుంది. డబ్బులు తీసుకోమంటే పెద్దాయన ఒప్పుకోలేదు, ఇంకో టీ తాగి పోయాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. గీజరు లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. నీళ్లు జోరుగా వచ్చి దాన్ని నెడితే అది ఒక కడ్డీని తోస్తుంది. ఆ కడ్డీ గ్యాస్ దారి తెరుస్తుంది, చిన్న స్విచ్చు కూడా నొక్కుతుంది. అప్పుడే టక్‌టక్. జోరు తగ్గితే పొర కదలదు, గ్యాస్ వదలదు. నీళ్లు లేకుండా మంట వెలిగి రాగి గొట్టం మాడిపోకుండా చేసిన ఏర్పాటు ఇది, అంటే మన మంచికే. అందుకే ఇప్పుడు చెవితోనే రోగం చెప్పగలను. అసలు చప్పుడే లేదంటే ముందు ధార, తర్వాత సెల్లులు చూడాలి. టక్‌టక్ వస్తూనే ఉండి మంట పట్టకపోతే సిలిండరు అయిపోయి ఉండాలి, లేదా రెగ్యులేటరు కట్టేసి ఉండాలి. మంట పట్టి వెంటనే ఆరిపోతుంటే మా ఇంట్లో ప్రతిసారీ సెల్లులు నీరసించడమే కారణం. మంచి స్నానం మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతే కంగారు పడొద్దు, మాదాంట్లో 20 నిమిషాలకు దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఉంది. మా ఆయనకు ఇది తెలియక ఒకసారి నురగతోనే బయటికి వచ్చాడు.

ఈ జోరు దగ్గరే నా అసలు కోపం. నీళ్లు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే ముప్పై మూడు అడుగుల నుంచి దిగితే దాదాపు ఒక బార్ ఒత్తిడి (బార్ అంటే ఒత్తిడి కొలత). మా ట్యాంకు మిద్దె మీద రెండడుగుల ఇటుక దిమ్మె మీద ఉంది, గీజరు దాని కిందే. ట్యాంకు నిండుగా ఉన్నా గీజరు మీద ఉండేది పదడుగులో, కాస్త ఎక్కువో. ట్యాంకు సగానికి దిగితే ఆ కాస్తా పోతుంది. కింది పోర్షన్‌లో ఓనరు వాళ్లు మాది చూసే అదే రకం కొన్నారు. వాళ్లకు అడుగు నీళ్లున్నా వెలుగుతుంది. వాళ్ల దృష్టిలో నేను గీజరు మీద లేనిపోనివి చెప్పే మనిషిని. అమ్మేటప్పుడు లీటర్ల గురించి గంటసేపు చెప్పిన అంగడాయన, మీ ట్యాంకు ఎంత ఎత్తులో ఉందమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. తర్వాత ఓనరును బతిమాలి దిమ్మె మీద ఇంకో మూడు వరసల ఇటుకలు పేర్పించాం, సొంత ఖర్చుతో. కొంత మేలు. షవరు మాత్రం తీసేశాం, దాని రంధ్రాలు దాటేసరికి నీళ్ల జోరు చచ్చిపోతోంది. బకెట్టే మాకు గతి.

ఆ సున్నం పెళ్లల సంగతి వేరే. మా బోరు నీళ్లు కాచిన గిన్నె చూస్తే వెల్ల వేసినట్టు ఉంటుంది. గీజరులో రాగి గొట్టం సన్నం, అందులో సున్నం కడితే వేడీ తగ్గుతుంది, ధారా తగ్గుతుంది. మొదట్లో మేము మంట పెద్దది పెట్టి, కాలే నీళ్లు పట్టి చన్నీళ్లు కలుపుకునేవాళ్లం. అదే తప్పు. నీళ్లు ఎంత కాగితే అంత సున్నం కడుతుంది. ఇప్పుడు మంట తగ్గించి, ఒంటికి పట్టేంత వేడిగానే తీసుకుంటున్నాం. ఏటా దీపావళి ముందు గ్యాస్ కట్టేసి, పైపులు విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు లోపల నింపి రెండు గంటలు వదిలేస్తాను. బుసబుసా పొంగుతుంది. రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగితే ధార మళ్లీ లావెక్కుతుంది. జల్లెడ మాత్రం నెలకోసారి.

ఖర్చు గురించి నేను మొదట్లో చెప్పిన మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. గ్యాస్ చాలా చవక అనేదాన్ని. ఒక చలికాలం లెక్క రాసుకున్నాను. 14.2 కిలోల సిలిండరు గీజరుకే పెడితే, మా నలుగురికి రోజుకు నాలుగు బకెట్ల లెక్కన రెండు నెలల మీద పది రోజులు వచ్చింది. అంటే అప్పటి సిలిండరు ధర లెక్కన బకెట్టుకు మూడు రూపాయల పైనే. అదే బకెట్టును కరెంటుతో కాస్తే అర యూనిట్ పడుతుంది. మీ బిల్లు ఏ శ్లాబులో ఉందో దాన్ని బట్టి అటూ ఇటూగా సమానమే. ఎండకు కొదవలేని మన ఊళ్లో సొంత మిద్దె ఉంటే సోలార్ ముందు ఈ రెండూ దిగదుడుపే.

ఒక్క విషయంలో మాత్రం బేరం లేదు. బిగించడానికి వచ్చిన అబ్బాయి "బాత్రూంలోనే పెడదాం మేడం, కిటికీ ఉంది కదా, పైపు మిగులుతుంది" అన్నాడు. ఒప్పుకోలేదు. మూసిన గదిలో గ్యాస్ మండితే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, లోపలున్న మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. చలికి కిటికీ మూసుకునేది మనమే కదా. మాది ఇనుప గ్రిల్లు ఉన్న వాష్ ఏరియాలో బయట ఉంది. పైపు పొడవు వల్ల ముందు రెండు చెంబుల చన్నీళ్లు వస్తాయి, అవి మొక్కలకు. బయట గోడ మీ ఇంట్లో లేకపోతే ఈ వస్తువు జోలికే పోవద్దు.

మళ్లీ కొంటావా అని మా చెల్లెలు అడిగింది. దానిది కడపలో కింది పోర్షన్, ట్యాంకు మూడో అంతస్తు మీద. నువ్వు కొనుక్కో అన్నాను. నేనైతే ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లు దీంతోనే సర్దుకుంటా. ఆరేళ్లలో జల్లెడ, సెల్లులు, ఒకసారి రబ్బరు పొర తప్ప వేరే ఖర్చు పెట్టించలేదు, ఆ 1,600 దాని తప్పు కాదు కాబట్టి. ఇల్లు మారితే ముందు మిద్దెక్కి ట్యాంకు చూసి, తర్వాత ఆలోచిస్తా.

ఎండాకాలం సెల్లులు లోపలే వదిలేస్తే కారి, రేకులు తుప్పు పడతాయి. అది రెండో ఏట నేర్చుకున్నాను. అందుకే ఏటా మార్చిలో తీసేస్తాను. ఈ మార్చిలో తీసినవి అత్త తన టార్చిలైటులో వేసుకుంది. కార్తీకానికి తిరిగి ఇమ్మంటే, అండాకు ఇట్లాంటివి అడిగే పనే లేదంటుంది. కొత్త జత రాసి పెట్టుకున్నాను.