టేపు కొలతలా, లేజర్ స్కానా, పూర్తి డిజిటల్ నమూనానా: పాత ఇళ్ల ఇంధన మరమ్మతుకు ఏది మేలు?

ఐరోపా సమాఖ్య దేశాల్లో ఖర్చయ్యే ఇంధనంలో సుమారు 40 శాతం భవనాల్లోనే ఖర్చవుతోంది. ఇళ్ల విషయానికి వస్తే అందులో అధికభాగం చలికాలంలో గదులను వెచ్చగా ఉంచడానికే పోతుంది. ఇప్పుడున్న భవనాల్లో 85 నుంచి 95 శాతం 2050లోనూ నిలిచే ఉంటాయని యూరోపియన్ కమిషన్ అంచనా వేసింది. కాబట్టి కొత్త ఇళ్లను ఎంత జాగ్రత్తగా కట్టినా ఈ లెక్క పెద్దగా మారదు. పాత ఇళ్ల గోడలకు, పైకప్పులకు ఉష్ణనిరోధక పొరలు (ఇన్సులేషన్) వేయాలి, కిటికీలు మార్చాలి, గ్యాస్ బాయిలర్ల స్థానంలో, బయటి గాలి నుంచో నేల నుంచో వేడిని ఇంట్లోకి తెచ్చే హీట్ పంపులు పెట్టాలి. 2020 అక్టోబరులో ప్రకటించిన ‘రినొవేషన్ వేవ్’ ప్రణాళిక 2030 నాటికి 3.5 కోట్ల భవనాలను ఇలా బాగుచేయాలని లక్ష్యం పెట్టుకుంది. అప్పటికి ఏడాదికి సుమారు 1 శాతం భవనాలకే ఇంధన మరమ్మతు జరుగుతోంది. ఇంధన వాడకాన్ని 60 శాతానికి పైగా తగ్గించే లోతైన మరమ్మతులైతే ఏటా 0.2 శాతం భవనాలకే అందుతున్నాయి.

అందుకే అక్కడ చర్చంతా వేగం చుట్టూ తిరుగుతోంది. భవనం తాలూకు ప్రతి గోడనూ, కిటికీనీ, గొట్టాన్నీ కొలతలతో, పదార్థ వివరాలతో సహా కంప్యూటరులో నిలిపే పద్ధతిని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు. ఈ రంగంలో పనిచేసేవారు క్లుప్తంగా ‘బిమ్’ అంటారు. సమాఖ్య నిధులతో 2018లో మొదలైన బిమ్-స్పీడ్ అనే పరిశోధన ప్రాజెక్టు ఇలాంటి నమూనాల సాయంతో లోతైన మరమ్మతుకు పట్టే కాలాన్ని 30 శాతం తగ్గించడం తన లక్ష్యాల్లో ఒకటిగా పెట్టుకుంది. లక్ష్యం మంచిదే. అయితే నమూనా ఎక్కడ కాలాన్ని ఆదా చేస్తుంది, ఎక్కడ అదే అదనపు పనిగా మారుతుంది అన్నది విడమరిచి చూడకుండా ‘బిమ్ ఉంటే పని త్వరగా అవుతుంది’ అనుకోవడం సరికాదు.

పాత ఇంటిని కొలిచే మూడు దారుల్లో మొదటిది అందరికీ తెలిసినదే. ఒక సర్వేయరు టేపుతోనో చేతిలో పట్టే లేజర్ కొలమానంతోనో ఇల్లంతా తిరిగి కొలతలు రాసుకుంటాడు, కాగితం మీద ప్లాను గీస్తాడు, వాటిని ఇంధన లెక్కల సాఫ్ట్‌వేరులో నింపుతాడు. పక్క ఇళ్లతో గోడ కలవని ఒంటరి ఇంటికి ఈ పని ఒక్క రోజులో ముగుస్తుంది, ఖర్చూ తక్కువే. కొలతలో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వచ్చినా నష్టం లేదు, ఎందుకంటే ఇన్సులేషన్ పలకలను పనివాడు గోడ దగ్గరే కోసి అమరుస్తాడు, సందులు ఉంటే అక్కడికక్కడే పూడుస్తాడు. గోడ నుంచి బయటకు పోయే వేడిని లెక్కించడానికి కూడా ఆ పాటి ఖచ్చితత్వం చాలు. ఈ పద్ధతిని పాతదని చిన్నచూపు చూడటం నాకు సమ్మతం కాదు. దీని అసలు లోపం వేరే చోట ఉంది: ఒకరు తీసిన కొలతలు రెండోవారికి అందవు. ఇంధన సలహాదారు ఒకసారి, కిటికీల తయారీదారు ఒకసారి, పరంజా కట్టేవారు మరొకసారి అదే ఇంటిని మళ్లీ మళ్లీ కొలుస్తారు.

రెండో దారిలో లేజర్ స్కానరును ఇంటి చుట్టూ, లోపలా నిలిపి, సెకనుకు లక్షల చొప్పున బిందువులను నమోదు చేస్తారు. ఆ బిందువుల సముదాయాన్ని పాయింట్ క్లౌడ్ అంటారు. గోడ ఎక్కడ ఉబ్బింది, ఏ మూల వాలింది, కిటికీ చట్రం ఎంత వంకరగా ఉంది అన్నది కొద్ది మిల్లీమీటర్ల తేడాతో ఇందులో కనిపిస్తుంది. ఈ ఖచ్చితత్వం ఎవరికి కావాలంటే, గోడను కార్ఖానాలో తయారుచేసేవారికి కావాలి.

దీనికి మేలైన ఉదాహరణ నెదర్లాండ్స్‌లో మొదలైన ఎనర్జీస్ప్రాంగ్ పద్ధతి. అక్కడ తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే గృహ సంఘాల చేతిలో రెండో ప్రపంచ యుద్ధం తరువాత కట్టిన వరుస ఇళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అవన్నీ ఒకే అచ్చున పోసినట్టు కనిపిస్తాయి. వాటిని స్కాన్ చేసి, ఆ కొలతల ప్రకారం ఇన్సులేషనూ కిటికీలూ ముందే బిగించిన గోడ పలకలను కార్ఖానాలో తయారుచేసి, క్రేనుతో ఎత్తి పాత గోడ ముందు నిలబెడతారు. సౌర ఫలకలతో సహా పైకప్పు కూడా అలాగే వస్తుంది. ఇంట్లోవారు సామాను సర్దుకుని వేరే చోటికి వెళ్లవలసిన అవసరం లేకుండా పది రోజుల లోపే పని ముగించడం ఈ పద్ధతి ఉద్దేశం. ఇక్కడ కొలత తప్పితే పరిణామం తీవ్రంగా ఉంటుంది: క్రేను రోడ్డు మీద నిలిచి ఉండగా పలక అతకకపోతే ఆ రోజు పనంతా ఆగిపోతుంది. కాబట్టి స్కాను మీద పెట్టిన ప్రతి పైసా ఇక్కడ సార్థకమే. జర్మనీలో హామెల్న్ పట్టణంలోని 1930ల నాటి అద్దె ఇళ్లకు కూడా ఇదే దారిలో మరమ్మతు చేశారు.

అయినా స్కానే అంతా చేయలేదు. 2013లో డచ్ గృహ సంఘాలు, నిర్మాణ సంస్థలు కలిసి 1,11,000 ఇళ్లను ఈ విధంగా మార్చాలని ఒప్పందం చేసుకున్నాయి. ఆచరణలో పూర్తయినవి ఆ సంఖ్యకు చాలా దూరంలో నిలిచాయి. ఖర్చు, అద్దెదారుల అంగీకారం, పెట్టుబడి తిరిగి రాబట్టుకునే దారి, ఇవేవీ స్కానరు తీర్చగల చిక్కులు కావు. ఆ చివరి చిక్కును కొంతవరకు విడదీసింది 2016లో వచ్చిన ఒక డచ్ చట్టం: ఇల్లు తనకు కావలసిన శక్తిని తానే ఉత్పత్తి చేసుకునే స్థాయికి మారితే, అద్దెదారు ఇంధన బిల్లుకు బదులు యజమానికి ఒక నిర్ణీత రుసుము చెల్లించవచ్చని అది అనుమతించింది.

మూడో దారి పూర్తి బిమ్. స్కాను ఇచ్చిన బిందువులు వట్టి ఉపరితలమే. అది గోడ అని, ఇది దూలం అని, ఈ గోడలో ఇటుక ఇంత, పూత ఇంత అని ఒక్కొక్కటిగా గుర్తించి నమూనాగా మలచాలి. దీన్ని చాలావరకు ఇంకా మనుషులే చేస్తున్నారు. విదేశాల్లో తీసిన స్కాన్లను హైదరాబాదు వంటి నగరాల్లోని కార్యాలయాల్లో కూర్చుని నమూనాలుగా మార్చే పని మన ఇంజినీర్లలో కొందరికి జీవనోపాధి కూడా. ఇంత శ్రమ పడినందుకు దక్కే ఫలితం ఏమిటంటే, ఒకే నమూనా నుంచి ఇంధన లెక్క, సామగ్రి పరిమాణాలు, పనుల క్రమం, అద్దెదారులకు ఏ రోజు ఏ గదిలో పని జరుగుతుందో చెప్పే పట్టిక అన్నీ తీయవచ్చు. వందల కుటుంబాలు ఉండే పెద్ద భవనానికి ఇది నిజంగా ఉపయోగం. నాలుగు గదుల ఒంటరి ఇంటికి మాత్రం నమూనా గీసే రోజులతో పోలిస్తే మిగిలే రోజులు తక్కువ.

ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న బలహీనతను నేను అన్నిటికంటే ముఖ్యమనుకుంటున్నాను. టేపు గానీ, లేజరు గానీ గోడ లోపలికి చూడలేవు. ఇటుకల మధ్య ఖాళీ ఉందా, అందులో పాత ఇన్సులేషన్ ఉందా, తేమ చేరిందా అన్నది తెలియనప్పుడు నమూనా తయారుచేసేవారు ప్రామాణిక విలువను నింపేస్తారు. బ్రిటన్‌లో పాత ఘన ఇటుక గోడ ఒక చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ మధ్య ఒక డిగ్రీ తేడాకు 2.1 వాట్ల వేడిని వదులుతుందని చాలాకాలం లెక్కించేవారు. నిజమైన గోడల మీద పరికరాలు పెట్టి కొలిచినప్పుడు అంతకంటే తక్కువని తేలడంతో ఆ విలువను 1.7కు తగ్గించారు. జర్మనీలో సుమారు 3,400 ఇళ్ల వివరాలను పరిశీలించి 2012లో వెలువడిన ఒక అధ్యయనం, అక్కడి కుటుంబాలు లెక్కల్లో చూపిన దానికంటే సగటున 30 శాతం తక్కువ ఇంధనం వాడుతున్నాయని చూపింది. చలి ఎక్కువగా ఉన్న ఇంట్లో మనుషులు ఒకటి రెండు గదులనే వెచ్చబెట్టుకుంటారు, మిగతావి మూసేస్తారు. ఆ ఇంట్లో ఎంత ఆదా అవుతుందో చెప్పే నమూనా మిల్లీమీటరు వరకు సరిగ్గా ఉండి కూడా, డబ్బు లెక్కలో మూడో వంతు తప్పవచ్చు. కాబట్టి స్కానుకు ఖర్చు పెట్టే ముందు తలుపు చట్రంలో ఫ్యాను బిగించి గాలి చొరబాటును కొలిచే పరీక్షకు, థర్మల్ కెమెరాకు, గోడకు చిన్న రంధ్రం చేసి లోపల ఏముందో చూడటానికి, గత రెండు మూడేళ్ల బిల్లులు తెప్పించుకోవడానికి ఖర్చు పెట్టడం మేలు.

ఊరి స్థాయిలో ఏ వీధితో మొదలుపెట్టాలో తేల్చుకోవడానికైతే ఏ కొలతా అక్కరలేదు. కట్టిన కాలాన్ని, భవన రకాన్ని బట్టి ఇళ్లను వర్గాలుగా విడదీసిన టాబులా అనే ఐరోపా పట్టికలే అందుకు చాలు.

ఇక నా తీర్పు. యజమాని తానుండే ఒంటరి ఇంటిని విడతలుగా బాగుచేసుకునేటప్పుడు టేపు కొలతలు, పైన చెప్పిన పరీక్షలు చాలు. అక్కడ పూర్తి బిమ్ కోసం సలహాదారు పట్టుబడితే అది ఎందుకో అడగాలి. ఒకే అచ్చున ఉన్న పదులూ వందలూ ఇళ్లకు కార్ఖానా పలకలు వేయదలచినప్పుడు స్కాను తప్పనిసరి, అయితే బయటి గోడలకూ పైకప్పుకూ సరిపడా సరళమైన నమూనా చాలు. ప్రతి గదిలోని ప్రతి గొట్టాన్నీ గీయనక్కరలేదు. లోపల గొట్టాలు, గాలి మార్గాలు, విద్యుత్తు తీగలు కూడా మార్చే పెద్ద అపార్టుమెంటు భవనాలకే పూర్తి నమూనా తన ఖర్చును తిరిగి ఇస్తుంది. తెలుగు నేలమీద మన ఇళ్లకు ఈ లెక్క యథాతథంగా వర్తించదు. మనకు సమస్య ఎండ, దానికి మొదటి మందు డాబా మీది తెల్లటి పూత, దానికి ఏ నమూనా అవసరం లేదు.

ఏ దారి ఎంచుకున్నా ఆ వివరాలు ఎవరి దగ్గర మిగులుతాయన్నది కూడా చూసుకోవాలి. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో 2018 డిసెంబరు నుంచి ప్రతి ఇంటి వివరాలను యజమాని చూసుకోగల ‘వోనింగ్‌పాస్’ అనే డిజిటల్ పుస్తకం అందుబాటులో ఉంది. 2024లో సవరించిన ఐరోపా భవన ఇంధన ఆదేశం కూడా సభ్యదేశాలన్నీ మరమ్మతు పాస్‌పోర్టు, అంటే ఒక్కో ఇంటిని ఏ విడతలో ఎలా బాగుచేయాలో చెప్పే పత్రం, ఏర్పాటు చేయాలని కోరింది. నమూనాను ఒక్క సంస్థ సాఫ్ట్‌వేరులోనే తెరుచుకునే రూపంలో కాక, అందరూ చదవగల ఐఎఫ్‌సీ రూపంలోనూ, స్కాను బిందువులను విడిగానూ యజమానికి అప్పగించాలన్న షరతును పని ఒప్పుకునే ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఆ ఫైలు చేతిలో ఉంటే పదేళ్ల తరువాత వచ్చే కిటికీల తయారీదారు ఆ ఇంటిని మళ్లీ మొదటి నుంచి కొలవనక్కరలేదు.