నెలలు నిండని పిల్లలకు కంటి పరీక్షలు: ఒక ఎన్‌ఐసీయూ సేవపై సమీక్ష

మా అబ్బాయి 29 వారాలకే, 1,150 గ్రాముల బరువుతో పుట్టి విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో) చాలాకాలం ఉన్నాడు. అక్కడి మిగతా వైద్యం సంగతి పక్కన పెట్టి, ఊపిరి, బరువు, పాల గురించిన దిగులులో తల్లిదండ్రులు అడగడమే మరిచిపోయే కంటి పరీక్షల గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

గర్భంలో సుమారు 16వ వారంలో కంటి నరం దగ్గర మొదలయ్యే రక్తనాళాలు, కంటి లోపల వెనుక వైపు ఉండే రెటీనా అనే పొర అంచుల దాకా పాకేసరికి దాదాపు నెలలు నిండుతాయి. ముందే పుట్టిన బిడ్డలో ఆ పెరుగుదల మధ్యలో ఆగిపోయి, కొన్ని వారాల తర్వాత కొత్త నాళాలు అస్తవ్యస్తంగా పుట్టుకొచ్చి, జబ్బు ముదిరితే రెటీనాను లాగి ఊడదీస్తాయి. దీన్నే ఆర్‌ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ) అంటారు. చాలామంది పిల్లల్లో ఇది దానంతట అదే తగ్గిపోతుంది గానీ, ఎవరిలో తగ్గుతుందో, ఎవరిలో ముదురుతుందో బయటికి మామూలుగానే కనిపించే ఆ కళ్లను చూసి ఎవరూ చెప్పలేరు. ప్రాణం నిలిపే ఆక్సిజనే అవసరానికి మించితే ఈ జబ్బును పెంచుతుంది కాబట్టి, మానిటర్‌పై రక్తంలోని ఆక్సిజన్ శాతం 95 దాటగానే ఆక్సిజన్ తగ్గించే ఇక్కడి నర్సుల అప్రమత్తతను ముందుగా మెచ్చుకోవాలి.

మన దేశపు మార్గదర్శకాల ప్రకారం 34 వారాల లోపు పుట్టిన పిల్లలకూ, 2,000 గ్రాముల లోపు బరువున్న పిల్లలకూ పుట్టిన 30 రోజుల లోపే తొలి పరీక్ష జరగాలి. 28 వారాల లోపు పుట్టినా, 1,200 గ్రాముల లోపు ఉన్నా రెండు మూడు వారాలకే జరగాలి. మేము అడగకముందే మూడో వారంలో బయటి నుంచి కంటి డాక్టరు గారు వచ్చారు. పరీక్ష చూడటానికి కష్టంగానే ఉంటుంది: చుక్కల మందుతో కంటిపాప విప్పారాక, బిడ్డను గుడ్డలో బిగించి చుట్టి, రెప్పలు మూసుకోకుండా చిన్న తీగ పరికరం అమర్చి, తలకు కట్టుకున్న దీపంతోనూ చేతిలోని లెన్సుతోనూ రెటీనా అంచుల దాకా చూస్తారు. నొప్పి తగ్గడానికి నర్సు బిడ్డ నోట్లో చక్కెర నీళ్ల చుక్కలు వేస్తూ, గుండె వేగం మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడింది. తర్వాత డాక్టరు గారు కాగితంపై వలయాలు గీసి, నాళాలు ఎక్కడిదాకా వచ్చాయో చూపించి మరీ వివరించారు. ఇంత ఓపిక పెద్దల కంటి ఆసుపత్రుల్లో కూడా నేను చూడలేదు.

లోపాలూ ఉన్నాయి. వాంతి కాకుండా పరీక్షకు ముందు పాలు ఆపుతారు; డాక్టరు గారు ఆలస్యమైన రోజున బిడ్డ అనవసరంగా ఆకలితో ఏడ్చాడు. ప్రతి పరీక్షకూ విడిగా రుసుము ఉంటుందని బిల్లు చేతికొచ్చాకే తెలిసింది.

అసలు బలహీనత డిశ్చార్జ్ దగ్గర ఉంది. జబ్బు తీవ్రమయ్యే అవకాశం ఎక్కువగా ఉండేది తల్లి చివరి నెలసరి నుంచి లెక్కిస్తే 34 నుంచి 38 వారాల మధ్య, అంటే సరిగ్గా చాలామంది పిల్లలు ఇంటికి వెళ్లే రోజుల్లో. మా అబ్బాయికి అప్పటికి జబ్బు రెండో దశ కనిపించింది, వారంలో మళ్లీ చూడాలని డాక్టరు గారు నోటితో చెప్పారు. కానీ డిశ్చార్జ్ సమ్మరీలో తేదీ లేకుండా, కంటి వైద్యుణ్ణి సంప్రదించండి అన్న ఒక్క ముక్క చివర్లో ఉంది. దీన్ని చిన్న పొరపాటుగా తీసుకోలేను. తమిళనాడులో 1996లో పుట్టిన ఒక పాపకు ఈ పరీక్ష సంగతి చెప్పకుండానే ఇంటికి పంపడం వల్ల చూపు పోయిన కేసులో, 2015లో సుప్రీంకోర్టు సుమారు 1.8 కోట్ల రూపాయల పరిహారం విధించింది.

మావాడి నాళాలు తర్వాతి పరీక్షల్లో అంచులదాకా చేరి, చికిత్స లేకుండానే గండం గడిచింది. మొత్తం మీద ఐదుకు నాలుగు మార్కులిస్తాను. ఇక్కడ చేరేవారు తర్వాతి పరీక్ష తేదీని సమ్మరీలో రాయించుకోండి. ఈ జబ్బు ముదిరితే చేసే లేజర్ చికిత్స సదుపాయం ఈ యూనిట్‌లో లేదు; అవసరమని తేలితే రెండు మూడు రోజుల్లోపే చికిత్స జరగాలి కాబట్టి, బిడ్డను ఏ కంటి ఆసుపత్రికి, ఎలా తరలిస్తారో తొలి పరీక్ష రోజునే అడిగి ఉంచుకోండి.