టామియా 1/48 పి-51డి మస్టాంగ్: కిట్ బంగారం, పనంతా రెక్క మీదే

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా యుద్ధ విమానం పి-51డి మస్టాంగ్‌కు జపాన్ కంపెనీ టామియా చేసిన ప్లాస్టిక్ మోడల్ కిట్ ఇది, సైజు అసలుదానిలో 48వ వంతు (1/48). 1995లో వచ్చిన అచ్చు. అయినా ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడే తీరులో కొత్త కిట్లకు ఏమాత్రం తీసిపోదు. పూర్తయ్యాక రెక్క కొస నుంచి కొసకు 235 మి.మీ. వస్తుంది, మామూలు షోకేసు అరలో పడుతుంది. 1/48 మొదటిసారి పట్టుకునేవాళ్ళు ధైర్యంగా కొనొచ్చు.

అసలు పని రెక్క దగ్గర మొదలవుతుంది. మస్టాంగ్‌ది లామినార్ రెక్క, అంటే గాలి చెదరకుండా సాఫీగా జారేలా మలిచింది, నున్నగా ఉంటేనే దాని గుణం నిలుస్తుంది. అందుకే ఫ్యాక్టరీలో ముందు అంచు నుంచి దాదాపు 40 శాతం వెడల్పు దాకా రివెట్లకు, అతుకులకు పుట్టీ పట్టి, రుద్ది, పైన అల్యూమినియం రంగు కొట్టేవారు. కిట్‌లో మాత్రం ఆ గీతలన్నీ చెక్కే ఉన్నాయి. మిస్టర్ సర్ఫేసర్ 500 (సీసాలో దొరికే చిక్కటి ఫిల్లర్) సన్నటి కుంచెతో గీతల్లో నింపి, ఒక రోజు ఆరనిచ్చి, 600, తర్వాత 1000 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా రుద్దాలి. ఒక్క పూత చాలదు. ఆరాక లోపలికి కుంగి గీత మళ్ళీ కనబడుతుంది, రెండోసారి నింపాల్సిందే. తుపాకులు, తూటాల మూతల గీతల జోలికి పోవద్దు, అవి అసలు విమానంలోనూ ఉంటాయి. రంగులోనూ అదే లెక్క: ఒంటికి మెరిసే లోహపు రంగు, రెక్కకు మెరుపు తగ్గిన వెండి రంగు. రెండింటికీ ఒకటే కొడితే రెక్క మీద పడ్డ కష్టమంతా దండగ.

చక్రాల గూడు వెనక గోడ కూడా తప్పే, అసలుదానిలో అది రెక్క దూలం దాకా వెళ్తుంది. బోర్లిస్తే తప్ప కనబడదు, వదిలేయొచ్చు.

ఈ పెట్టెతో వేరే రకాలు చేయాలనుకుంటే తొలి విడత పి-51డి తేలిక. పైలట్ మీది బుడగ లాంటి అద్దపు మూత కోసం వీపు తగ్గించాక విమానం నిలకడ తగ్గింది, అందుకే తర్వాత తోక ముందు చిన్న రెక్క అతికారు. దాన్ని కోసి నున్నగా చేస్తే చాలు. పి-51కె కు ఏరోప్రొడక్ట్స్ కంపెనీ ప్రొపెల్లర్ విడిగా తెప్పించుకోవాలి. పి-51బి, సి రకాలు మాత్రం వద్దు: వీపు ఎత్తు, తుపాకులు నాలుగే, రెక్క మొదట్లో వంపు వేరు. దానికి వేరే కిట్ కొనడమే నయం. 1944 జూన్ నాటి నలుపు తెలుపు చారలు వేస్తే అసలు విమానం మీద ఒక్కోటి 18 అంగుళాల వెడల్పు, ఈ సైజులో 9.5 మి.మీ. టేపు కోసుకోవాలి.

వరంగల్, హన్మకొండ దిక్కు ఉండేవాళ్ళు నీళ్ళ సంగతి చూసుకోవాలి. బోరు నీళ్ళలో డెకాల్ (తడిపి అతికించే గుర్తుల బొమ్మ) నానబెడితే ఆరాక అంచుల చుట్టూ తెల్లటి సున్నపు మరక తేలుతుంది, వెండి రంగు మీద అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకుంటే సరిపోతుంది. మే నెల ఎండలో ఆక్రిలిక్ రంగు ముక్క మీద పడకముందే ఆరిపోయి గరుకుగా దిగుతుంది. రిటార్డర్ (రంగు ఆరడాన్ని నెమ్మదించే ద్రవం) నాలుగు చుక్కలు వేసి పొద్దున్నే కొట్టాలి. వానల్లో లాకర్ రంగు తెల్లబారుతుంది, ముసురు పట్టిన రోజు స్ప్రే పెట్టుకోవద్దు. అద్దపు మూతకు సూపర్ గ్లూ అస్సలు వాడొద్దు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. కొద్దిగా ఫెవికాల్ పెట్టి రాత్రంతా వదిలేస్తే గట్టిగా పట్టుకుంటుంది.