ఓపెన్ డూమ్స్‌డే సైట్: 1086లో ఎవరి భూమి ఎవరి కింద?

ఫ్యూడలిజం (భూస్వామ్య వ్యవస్థ) అనగానే పాఠ్యపుస్తకాల్లో పిరమిడ్ బొమ్మ వేస్తారు. పైన రాజు, కింద ప్రభువులు, ఆ కింద నైట్లు (గుర్రపు యోధులు), అడుగున రైతులు. అందులో ఒక్క మనిషి పేరుండదు, ఒక్క ఊరుండదు. ఆ లోటు తీర్చే ఉచిత సైట్ ఓపెన్ డూమ్స్‌డే. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన విలియం రాజు 1085 క్రిస్మస్‌కి గ్లాస్టర్‌లో తలపెట్టి, మరుసటి ఏడాది జరిపించిన భూముల సర్వేని (దాని గ్రంథమే డూమ్స్‌డే బుక్) ఇందులో ఊరివారీగా చూడొచ్చు. హల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పామర్ బృందం సిద్ధం చేసిన డేటా దీనికి ఆధారం.

ఊరి పేరుగానీ ఇప్పటి పోస్ట్‌కోడ్‌గానీ కొడితే చాలు. బర్మింగ్‌హామ్ కొట్టి చూడండి. ఇవాళ్టి ఆ మహానగరంలో అప్పుడున్నవి 9 కుటుంబాలు: 5 రైతులవి, 4 చిన్న రైతులవి. 6 నాగళ్లకు సరిపడా భూమి ఉన్నా తిరుగుతున్నవి మూడే. ఒకటి ప్రభువు సొంత కమతంలో, రెండు రైతుల దగ్గర. నాగలికి 8 ఎద్దుల లెక్కన ఊరు మొత్తానికి 24 ఎద్దులు. ప్రభువుకి ఏటా ముట్టేది 20 షిల్లింగులు, అంటే 240 వెండి పెన్నీలు. ఇది ఊరి పంట విలువ కాదు, ప్రభువు చేతికొచ్చే రాబడి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

అసలు సరుకంతా యజమానుల భాగంలో ఉంది. రాజు దగ్గర నేరుగా భూమి పొందినవాడు విలియం ఫిట్జ్ అన్‌స్కల్ఫ్. అతని కింద ఊరిని ఏలుకునేవాడు రిచర్డ్. 1066లో దీన్ని స్వేచ్ఛగా అనుభవించిన వుల్ఫ్‌విన్ పేరు పక్కనే ఉంటుంది. నార్మన్లు వచ్చిన ఇరవై ఏళ్లలో భూమి ఎలా చేతులు మారిందో తెలుసుకోవడానికి ఈ మూడు పేర్లు చాలు. విలియం ఫిట్జ్ అన్‌స్కల్ఫ్ పేరు నొక్కితే అతని ఊళ్లన్నీ వస్తాయి. వాటిలో అతని కోట ఉన్న డడ్లీ కూడా ఉంటుంది. ఇలా నాలుగు పేర్లు నొక్కుతూ పోతే పిరమిడ్ ఎంత పైపై బొమ్మో తెలిసిపోతుంది. ఒకచోట రాజుకే నేరుగా జవాబుదారీ అయినవాడు, ఇంకోచోట మరో ప్రభువు కింద కౌలుదారుగా కనిపించవచ్చు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఒకే పేరు కనిపిస్తే ఒకే మనిషి అనుకోకండి. రిచర్డ్‌లు, విలియమ్‌లు లెక్కలేనంతమంది. కుటుంబాల సంఖ్య జనాభా కాదు. సాధారణంగా 5తో గుణించి అంచనా వేస్తారు. ఒక్క ఊరికే వందల కుటుంబాలు కనిపిస్తే, చుట్టుపక్కల పల్లెల్ని కూడా ఆ పెద్ద మేనర్ (ప్రభువు ఎస్టేట్) లెక్కలోనే కలిపేసి ఉండొచ్చు. లండన్, వించెస్టర్ వెతకడం దండగ. ఆ నగరాల వివరాలు సర్వే గ్రంథంలోనే లేవు. డరమ్, నార్తంబర్లాండ్ పరిస్థితీ దాదాపు అంతే.

మూల పత్రం ఫొటో తప్పక తెరవండి. బర్మింగ్‌హామ్‌కి 4 హైడ్లు అని రాసి ఉంటుంది. రాజుకి కట్టే గెల్డ్ పన్ను లెక్కకి హైడ్ కొలమానం, కాబట్టి ఊరి మీద ఉన్న బాధ్యత తెలిసే చోటు అదే. కాకపోతే అక్షరాలు కుదించి రాసిన లాటిన్ అది. పూర్తి అనువాదం సైట్‌లో లేదు. కొత్తవాళ్లకి ఇదే పెద్ద ఇబ్బంది.

హోదాలు ఇంత వివరంగా చూపే ఈ సైట్ బాధ్యతల దగ్గర సగమే చెబుతుంది. రిచర్డ్ తన ప్రభువుకి ఎందరు నైట్లను ఇవ్వాలి, ఆ 5 రైతు కుటుంబాలు వారానికి ఎన్ని రోజులు కమతంలో వెట్టి చేయాలి అన్నవి బర్మింగ్‌హామ్ నమోదులో లేవు. తప్పు సైట్‌ది కాదు. సర్వే అడిగింది ఎవరి భూమి, ఎంత విలువ, పన్ను ఎంత అనే. నైట్ల లెక్కకి ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ 1166లో బ్యారన్ల (పెద్ద ప్రభువుల) నుంచి రాబట్టిన జవాబులు చూడాలి. వెట్టి రోజుల లెక్కకి 13వ శతాబ్దపు మేనర్ రికార్డులు చూడాలి. వాటికి వెళ్లే దారి ఊరి పేజీలోనే రెండు ముక్కల్లో చెప్పి ఉంటే, విద్యార్థులు హోదా తెలియగానే విధులూ తెలిసిపోయాయని అనుకోరు.

పైసా ఖర్చు లేదు. చరిత్ర చెప్పే మాస్టార్లు పాఠానికి ముందు ఒక ఊరు ఎంచుకుని, 1066 యజమాని, 1086 ప్రభువు, నాగళ్లు, రాబడి బోర్డు మీద రాసి, ఆ తర్వాతే పిరమిడ్ గీయాలి.