గిన్నె ఫ్రీజర్‌లో పెట్టే ఐస్‌క్రీమ్ మెషిన్: రమ్ము, పండ్లతో ఏడు నెలలు

ఈ మెషిన్ కొన్నది ఒకే ఒక్క ఐస్‌క్రీమ్ కోసం. రమ్ములో నానిన కిస్మిస్ పంటికింద పడి, కాస్త ఘాటుగా, కాస్త తియ్యగా గొంతులోకి దిగే ఆ ఐస్‌క్రీమ్ అంటే నాకు ప్రాణం. కొన్న డబ్బాల్లో చాలావరకు ఎసెన్స్ వాసనే తప్ప అసలు రమ్ము రుచి నాకు తగిలేది కాదు. ఏడు నెలల్లో ముప్పై సార్లకు పైనే చేశాను. రమ్ముతో మొదలుపెట్టి బ్రాందీ, విస్కీ, వోడ్కా దాకా వెళ్లాను. అందుకని ఈ రివ్యూ మామూలు వెనిలా చేసుకునేవాళ్ల కంటే, పండూ మందూ కలిపి చేయాలనుకునేవాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

ముందు మెషిన్ సంగతి. ఇది గిన్నెను ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టుకునే రకం. లీటరున్నర గిన్నె, దానికి రెండు గోడలు, ఆ గోడల మధ్య గడ్డకట్టే ద్రవం. పైన చిన్న మోటారు, ప్లాస్టిక్ రెక్క, రంధ్రం ఉన్న మూత. అంతే. 1843లో నాన్సీ జాన్సన్ అమెరికాలో పేటెంట్ తీసుకున్న చేతి మెషిన్‌లో డబ్బా చుట్టూ ఐసు, ఉప్పు పోసి హ్యాండిల్ తిప్పుతూ పాలు చిలికేవారు. ఐసూ ఉప్పూ చేసే ఆ పనే ఇక్కడ గిన్నె గోడల్లో ఉన్న ద్రవం చేస్తుంది. తేడా ఏమిటంటే, ఐసు తగ్గితే ఇంకాస్త పోసుకోవచ్చు, ఈ గిన్నెలో అలా కుదరదు. ఉన్న చల్లదనం అయిపోతే మళ్లీ రేపే.

మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో 12 గంటలు చాలని రాశారు. నా ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉంటుంది, 12 గంటలకు ఒక్కసారి కూడా సరిపోలేదు. 24 గంటలు పెట్టండి. తీశాక చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ద్రవం కదిలిన చప్పుడు కొంచెం వినిపించినా ఆ రోజుకు మానుకోండి. పాలు కూడా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి. గోరువెచ్చగా పోస్తే గిన్నెలోని చల్లదనమంతా పాలను చల్లార్చడానికే ఖర్చయిపోతుంది, గడ్డకట్టించడానికి ఏమీ మిగలదు.

చిలికేటప్పుడు మాత్రం ఈ చిన్న మోటారు నన్ను ఎప్పుడూ నిరాశపరచలేదు. మొదటి పది నిమిషాలు పాలు పల్చగా గుండ్రంగా తిరుగుతుంటాయి, మోటారు సన్నగా మూలుగుతుంటుంది. పదిహేను నిమిషాల దగ్గర ఆ చప్పుడు బరువెక్కుతుంది. పక్క గదిలో ఉన్నా నాకు తెలిసిపోతుంది. మూత రంధ్రంలోంచి చూస్తే రెక్క వెళ్లిన చోట గీత పడి, వెంటనే పూడిపోకుండా కాసేపు అలాగే నిలబడుతుంది. ఆ గీత నిలబడ్డాక ఇంకో మూడు నాలుగు నిమిషాలు. అంతా కలిపి 22 నుంచి 25 నిమిషాలు. గిన్నె నిండా పోయకండి, చిలికేకొద్దీ గాలి చేరి పొంగుతుంది. నేను 900 మిల్లీలీటర్లు దాటను.

ఇక నా మొదటి రమ్ము ఐస్‌క్రీమ్. పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం 900 మిల్లీలీటర్ల పాల మిశ్రమానికి 120 మిల్లీలీటర్ల రమ్ము పోశాను. నలభై నిమిషాలు తిరిగింది. చివరికి చిక్కటి మజ్జిగలా తయారైంది. డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టి తెల్లారి చూస్తే, అంచుల్లో కాస్త ముద్దగా, మధ్యలో జారుడుగా ఉంది. చేసిన పాలు, మీగడ, మంచి రమ్ము అన్నీ వృథా. నాకు చాలా బాధేసింది, మెషిన్ పాడైందనుకుని తిరిగి పంపేద్దామనుకున్నాను కూడా.

మెషిన్ తప్పు కాదు, లెక్క తప్పు. నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి, ఆల్కహాల్ గడ్డకట్టాలంటే మైనస్ 114 డిగ్రీలు కావాలి. 40 శాతం ఆల్కహాల్ ఉన్న రమ్ము సీసాను ఇంటి ఫ్రీజర్‌లో ఎన్ని రోజులు పెట్టినా గడ్డకట్టదు. మనం పాలలో పోసిన ఆల్కహాల్ ఆ పాలను కూడా గడ్డకట్టనివ్వదు. పంచదార కూడా ఈ పనే చేస్తుంది, ఐస్‌క్రీమ్ రాయిలా కాకుండా మెత్తగా ఉండేది అందుకే. కానీ బరువుకి బరువు చూస్తే ఆల్కహాల్ పంచదార కంటే ఏడు రెట్లు బలంగా పనిచేస్తుంది. నేను పోసిన 120 మిల్లీలీటర్ల రమ్ములో సుమారు 38 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే ఉన్న పంచదార మీద ఇంకో పావుకిలోకు పైగా గుమ్మరించినట్టే. ఇక ఏ మెషిన్ గడ్డకట్టిస్తుంది?

ఇప్పుడు నేను లీటరు లోపు మిశ్రమంలో నేరుగా కలిపే మందును 45 మిల్లీలీటర్లు, అంటే మూడు పెద్ద చెంచాలు దాటనివ్వను. 40 శాతం ఉన్న మందుకి ఈ లెక్క. తియ్యటి లిక్కర్లలో ఆల్కహాల్ తక్కువే ఉన్నా పంచదార బాగా ఉంటుంది, కాబట్టి అవి వాడిన రోజు మిశ్రమంలో పంచదార తగ్గించాలి.

మూడు చెంచాలతో రుచి ఏం తెలుస్తుందని నేనూ అనుకున్నాను. ఇన్ని నెలల్లో నేను నేర్చుకున్నది ఇదే: మందు పాలకి పట్టించే బదులు పండుకి పట్టించాలి. పాలలో కలిపిన రమ్ము అంతటా పల్చబడిపోతుంది. కిస్మిస్‌లో దాగిన రమ్ము మాత్రం పంటికింద ఒక్కసారిగా బయటపడుతుంది.

వంద గ్రాముల కిస్మిస్ వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వడగట్టి, గుడ్డ మీద ఆరబెడతాను. తడి లేకుండా గాజు సీసాలో వేసి 60 మిల్లీలీటర్ల ముదురు రంగు రమ్ము పోసి మూత బిగిస్తాను. ఒక రాత్రికి పనవుతుంది, రెండు రాత్రులైతే ఇంకా బాగుంటుంది. మధ్యమధ్యలో సీసా తిరగేస్తుంటాను. రెండో రోజుకి కిస్మిస్ ముడతలు పోయి, తొక్క బిగుసుకుని, వెలుగుకి పట్టి చూస్తే తేనె రంగులో మెరుస్తుంటాయి. వేలితో నొక్కితే పగిలేలా ఉంటాయి. అడుగున చెంచానో రెండు చెంచాలో రమ్ము మిగులుతుంది, చిక్కగా, కిస్మిస్ తీపి దిగి ఉంటుంది. అది పారబోయకండి. చల్లటి పాల మిశ్రమంలో కలిపేయండి, ఎసెన్స్ ఇవ్వలేని రుచి అంతా అందులోనే ఉంది. కిస్మిస్ మాత్రం చివరి రెండు నిమిషాల్లో మూత రంధ్రంలోంచి వేయాలి. ముందే వేస్తే రెక్కకి తగిలి నలిగిపోతాయి. ఉత్త కిస్మిస్ ఫ్రీజర్‌లో గట్టిపడి బంకలా పళ్లకి అంటుకుంటాయి. రమ్ము తాగిన కిస్మిస్ వారం తర్వాత కూడా మెత్తగానే ఉంటాయి.

పాల మిశ్రమం నేను చేసేది ఇలా: 400 మిల్లీలీటర్ల పాలు, 300 మిల్లీలీటర్ల క్రీమ్, 130 గ్రాముల పంచదార, నాలుగు గుడ్ల పచ్చసొనలు. సన్నటి మంట మీద కలుపుతూ 82 డిగ్రీలకు తెచ్చి దించేస్తాను. అంతకు మించి కాగితే సొన విరిగిపోతుంది. వంటకి వాడే చిన్న థర్మామీటర్ ఉంటే ఈ టెన్షన్ ఉండదు. మందు వేడి పాలలో పోయకూడదు, మంచి వాసనంతా ఆవిరైపోతుంది. పూర్తిగా చల్లారాకే కలపాలి.

కిస్మిస్ ఎండిన పండు కాబట్టి సులువు. తాజా పండుతో అసలు ఇబ్బంది నీళ్లే. స్ట్రాబెర్రీలో నూటికి తొంభై వంతులు నీళ్లే. పచ్చి ముక్కలు వేస్తే ఐస్‌క్రీమ్‌లో ఐసు గడ్డలు నమిలినట్టుంటుంది. ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర అరగంట కాల్చి, రసం జిగురుగా మారాక చల్లార్చి ఒక చెంచా వోడ్కా కలిపితే ఆ బాధ పోయింది. వోడ్కాకి సొంత రుచి పెద్దగా లేదు, ముక్కను మెత్తగా ఉంచడానికే వేస్తాను. పాలు లేకుండా పండు గుజ్జుతో చేసే సోర్బే రాయిలా బిగుసుకుపోతుంటే లీటరుకి ఒక పెద్ద చెంచా వోడ్కా చాలు, చెంచా దిగుతుంది.

అనాస దగ్గర మాత్రం ఇంకో సంగతుంది. పచ్చి అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోని ప్రోటీన్‌ను విరగ్గొట్టి చేదు తెస్తుంది. ఒకసారి తెలియక పచ్చి ముక్కలే కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను, తెల్లారేసరికి నోట్లో పెట్టలేకపోయాను. ఇప్పుడు చిన్న ముక్కలు కోసి, చెంచా వెన్న, రెండు చెంచాల బ్రౌన్ షుగర్ వేసి రసం ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వేయిస్తాను. ఆ వేడికి ఎంజైమ్ పనిచేయడం ఆగిపోతుంది. స్టవ్ ఆపి, గిన్నె పక్కకి తెచ్చాకే రెండు పెద్ద చెంచాల రమ్ము పోస్తాను. మంట మీద ఉండగా పోస్తే ఆవిరికి నిప్పంటుకోవచ్చు, దయచేసి ఆ పని చేయకండి. ఈ అనాస రమ్ము ఐస్‌క్రీమ్ నా చేతిలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో రెండో స్థానంలో ఉంది. పీచ్ పండు, విస్కీ మూడోది. ఆపిల్‌తో బ్రాందీ నాకంతగా నచ్చలేదు, ఆపిల్ రుచి చల్లదనంలో వెనక్కి పోతుంది.

కంప్రెసర్ ఉన్న పెద్ద మెషిన్ కొనాలా అని అడిగేవాళ్ల కోసం. మా అక్క దగ్గర అదే ఉంది. తనంతట తానే చల్లబడుతుంది, ముందురోజు ఆలోచించక్కర్లేదు, వెంటవెంటనే రెండు సార్లు చేసుకోవచ్చు. ఒకే మిశ్రమాన్ని సగం సగం చేసి ఇద్దరం చేసి చూశాం. దింపిన వెంటనే అక్కదే బిగువుగా, నున్నగా ఉంది. మర్నాడు రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చెంచా దించితే గట్టిదనంలో తేడా లేదు. "మరి నేనెందుకే అంత పెట్టి కొన్నాను?" అంది అక్క. చివరికి రెండూ ఉండేది మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోనే, లోపల ఉన్న ఆల్కహాల్ ఒకటే. నాలుక మీద నునుపులో అక్కది ఇంకా ఒక పిసరు పైనే ఉంది, అది ఒప్పుకోవాలి. వారానికోసారి చేసుకునే నాలాంటివాళ్లకి ఈ గిన్నె రకం చాలు, ఫ్రీజర్‌లో దానికి చోటుంటే. ఆ చోటు తక్కువేమీ కాదు, ఒక అరలో సగం పోతుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. నాలుగో నెలలో రెక్క విరిగింది. కంపెనీకి రాస్తే ఆరు వారాలకి వేరే సైజు రెక్క పంపారు, సరైనది రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. అన్నాళ్లూ గిన్నె ఖాళీగా కూర్చుంది. స్టీలు గరిటె తగిలి గిన్నె లోపల గీతలు పడ్డాయి, చెక్కదో సిలికాన్‌దో వాడండి. ఇవన్నీ భరించవచ్చు. పుస్తకంలో 120 మిల్లీలీటర్లు అని అచ్చేసిన ఆ ఒక్క పేజీ మాత్రం క్షమించలేను. అది నమ్మి నాలాగే ఎంతమంది పాలు పారబోసుకున్నారో. అయిదుకి నాలుగిస్తున్నాను. తగ్గిన ఆ ఒకటి ఆ పేజీకే.

ఇంట్లో పిల్లలుంటే ఒక జాగ్రత్త. గడ్డకట్టినంత మాత్రాన ఆల్కహాల్ ఎక్కడికీ పోదు, పోసింది పోసినట్టే ఉంటుంది. పిల్లలకి, గర్భిణులకి, జబ్బుకి మందులు వాడుతున్నవాళ్లకి, అసలు ముట్టనివాళ్లకి ఇది పెట్టకూడదు. నేను కిస్మిస్‌ని నారింజ రసంలో నానబెట్టి వాళ్ల కోసం వేరే డబ్బా చేస్తాను. రమ్ము ఉన్న డబ్బాకి ఎర్ర రబ్బరు బ్యాండ్ వేసి, మూత మీద పేరూ తేదీ రాసి పై అరలో పెడతాను.

వడ్డించేటప్పుడు మామూలు ఐస్‌క్రీమ్‌లా పది నిమిషాలు బయట పెట్టక్కర్లేదు, తీసిన వెంటనే చెంచా దిగుతుంది, అంతే తొందరగా కరుగుతుంది కూడా. కప్పులు అరగంట ముందే ఫ్రీజర్‌లో పెట్టుకోండి.