కొలోన్ డోమ్‌ని వెనక వైపు నుంచి కూడా చూడండి

మా అమ్మాయి జర్మనీలో, ఆఖెన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. దాని దగ్గరికి వెళ్లినప్పుడు రెండు రోజులు కొలోన్‌లో ఉన్నాం. స్టేషన్ బయట అడుగు పెడితే చాలు, ఎదురుగా డోమ్, అంటే కొలోన్ పెద్ద చర్చి. మెడ ఎంత వెనక్కి వాల్చినా 157 మీటర్ల శిఖరాల కొన కళ్లకు అందలేదు.

పెద్ద సామాను లోపలికి తేనివ్వరు. స్టేషన్‌లో ఆటోమేటిక్ లాకర్ ఉంది. సూట్‌కేసుని లోపలికి లాక్కుని కార్డు చేతికిస్తుంది, ఆ కార్డు పెడితే మళ్లీ తెచ్చిస్తుంది. నాకు భలే నచ్చింది.

లోపల స్తంభాలు 43 మీటర్ల ఎత్తుకు పోయి కొబ్బరి మట్టల్లా విచ్చుకుంటాయి. గోడల నిండా రంగుల గాజే. దక్షిణం వైపు కిటికీ 2007లో జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిష్టర్ చేసింది: 72 రంగుల్లో 11 వేల పైచిలుకు గాజు పలకలు. ఎండ రాగానే అమ్మాయి తెల్ల చుడీదార్ మీద ఎరుపు, పసుపు చుక్కలు పడ్డాయి.

"గోడంతా గాజైతే ఈ రాతి కప్పుని మోసేదెవరు?" అన్నారు మావారు. జవాబు బయట, తూర్పు వైపు, అంటే డోమ్ వెనక దొరికింది. రాతి కప్పు కిందికే కాదు, పక్కలకీ తోస్తుంది. ఆ తోపుని ఫ్లయింగ్ బట్రెస్‌లనే రాతి వంపులు అందుకుని, ఎడంగా నిలబెట్టిన దిమ్మెల మీదుగా నేలకు దించుతాయి. పాత పాకకి బయట నుంచి ఊతకర్రలు పెట్టినట్టే. చాలామంది ముందు వైపు ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారు, ఇది చూడకుండానే!

1248లో మొదలుపెట్టిన గుడి 1880లో పూర్తయింది. 16వ శతాబ్దంలో పని ఆగిపోతే, సగం కట్టిన దక్షిణ గోపురం మీద చెక్క క్రేను వందల ఏళ్లు అలాగే నిలిచిపోయింది. ముఖద్వారం పాత నక్షా 19వ శతాబ్దం మొదట్లో రెండు ముక్కలుగా బయటపడింది, ఒకటి జర్మనీలోనే డార్మ్‌స్టాట్ ఊళ్లో, ఒకటి పారిస్‌లో. 1842లో పని మళ్లీ మొదలుపెట్టి, ఆ గీతల ప్రకారమే ముందు భాగం పూర్తిచేశారు. ఎవరో గీసిన దాన్ని ఆరొందల ఏళ్ల తర్వాతి వాళ్లు అంత గౌరవంగా కట్టారంటే నాకు కళ్లు చెమర్చాయి.

గోపురానికి 533 మెట్లు, టికెట్ వేరే. ఎక్కడానికీ దిగడానికీ ఒకటే ఇరుకు మెట్లదారి. మోకాళ్ల నొప్పులుంటే వద్దు. నేను సగంలో గంటల గది దగ్గరే ఆగిపోయాను. 24 టన్నుల పెద్ద గంటని చూశాక ఇక పైకి వెళ్లాలనిపించలేదు.

బస విషయంలో తప్పు చేశాం. స్టేషన్ పక్కనే అని ఒక హోటల్ తీసుకున్నాం. గది అగ్గిపెట్టంత, రాత్రంతా రైళ్ల చప్పుడు. ఇంకోసారి వెళ్తే రైన్ నది అవతల డాయిట్స్‌లో దిగుతాను. అక్కణ్ణుంచి వంతెన మీద నడిచొస్తుంటే ఎదురుగా కనిపించేది డోమ్ వెనక భాగమే, ఆ రాతి ఊతలతో సహా.