బ్రిటన్‌లో పిల్లల నివాస లెక్క: ఫారం టి, ఏడేళ్ల దారి, సగం వయసు నిబంధన – దీర్ఘకాలం చూశాక సమీక్ష

బ్రిటన్‌లో వర్క్ వీసా మీద ఉన్న తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లల సంగతిని తమ ఐఎల్ఆర్‌తో (శాశ్వత నివాస అనుమతి) ముడిపెట్టి చూస్తారు. మనకొస్తే వాళ్లకీ వస్తుందని ధీమా. కానీ పిల్లలు అక్కడ గడిపిన ఏళ్లకు చట్టం విడిగా విలువ కట్టింది. అందుకు మూడు దారులున్నాయి. ఈ ఫారాలు నింపించడం, వెనక్కొచ్చిన ప్రశ్నలకు జవాబులు రాయించడం చాలాకాలంగా చేస్తున్నాం కాబట్టి ఏది గట్టిదో, ఏది ఎక్కడ జారుతుందో చెప్పగలం. ఫీజులు 2025 నాటివి. కట్టే ముందు సర్కారు సైట్లో ఆ రోజు రేటు చూసుకోండి.

ముందు అన్నిటికన్నా మంచిది. 1983 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లిదండ్రుల్లో ఒకరైనా అప్పటికి బ్రిటిష్ పౌరులో, ఐఎల్ఆర్ ఉన్నవాళ్లో అయి ఉండాలి. అలా కాకుండా పుట్టిన బిడ్డకు 1981 పౌరసత్వ చట్టం సెక్షన్ 1(4) ఒక హక్కు ఇచ్చింది: అక్కడే పుట్టి, మొదటి పదేళ్లు అక్కడే ఉండి, ఆ పదేళ్లలో ఏ ఏడాదీ 90 రోజులకు మించి దేశం బయట లేకపోతే పౌరుడిగా నమోదు చేయించుకోవచ్చు. దీనికే ఫారం టి. పదేళ్లు నిండాక ఏ వయసులోనైనా వేయొచ్చు. అమ్మానాన్నల వీసా ఏమిటి, మధ్యలో అయిపోయిందా అన్నది ఇక్కడ అడ్డు కాదు. షరతులు కుదిరితే ఇచ్చి తీరాలి, అధికారి దయ మీద ఆధారపడదు. మూడింటిలో ఇంత నిక్కచ్చిగా రాసిన నిబంధన మరొకటి లేదు.

దెబ్బతినేది 90 రోజుల దగ్గరే, అందులోనూ మొదటి ఏడాది. ప్రసూతి సెలవులో బిడ్డను తీసుకుని ఇంటికి రావడం, అన్నప్రాశన చేయడం, నర్సరీ ఫీజు భరించలేక నాలుగైదు నెలలు అమ్మమ్మ దగ్గర ఉంచడం మన ఇళ్లలో మామూలే. చట్టం లెక్కలో అది పెద్ద గండి. పైగా ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు కాదు, పుట్టినరోజు నుంచి పుట్టినరోజు. జూన్ 12న పుట్టిన పాప జులై 20 నుంచి సెప్టెంబరు 1 దాకా ఒకసారి, ఆ తర్వాత వచ్చే ఏప్రిల్, మే నెలల్లో 55 రోజులు ఇంకోసారి ఇండియాలో ఉందనుకోండి. క్యాలెండరు చూస్తే అవి రెండు వేర్వేరు సంవత్సరాలు. జూన్ 12 నుంచి లెక్కిస్తే రెండూ ఒకే ఏడాదిలో పడి 90 దాటిపోతాయి. ఈ పొరపాటు ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. తలుపు పూర్తిగా మూసుకుపోదు. సెక్షన్ 1(7) కింద అదనపు రోజులను మన్నించే అధికారం ఉంది. ఏ ఒక్క ఏడాదిలోనూ 180 దాటకుండా, పదేళ్ల మొత్తం 990 దాటకుండా ఉంటే మామూలుగా మన్నిస్తారు. అంతకు మించితే జబ్బు లాంటి బలమైన కారణాన్ని కాగితాలతో చూపించాలి.

రుజువుల్లో మొదట పోయేది పాత పాస్‌పోర్టు. పిల్లలకు ఇండియన్ పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు, కాబట్టి పదేళ్లలో కనీసం రెండు ఉంటాయి. కొత్తది రాగానే మూల కత్తిరించిన పాతదాన్ని ఏ అట్టపెట్టెలోనో పడేస్తారు. శంషాబాద్‌లో దిగిన ముద్ర, వెళ్లిన ముద్ర ఉండేది దాంట్లోనే. అది పోతే ప్రయాణ తేదీలన్నీ టికెట్ల మెయిళ్లలోంచి ఏరుకోవాలి. రెండో విలువైన వస్తువు పుట్టినప్పుడు ఇచ్చే ఎర్ర పుస్తకం, ‘రెడ్ బుక్’. 8, 12, 16 వారాల టీకాలు, బరువు కొలతలు, వాటి పక్కన తేదీలు. స్కూలు లేని మొదటి నాలుగేళ్లకు దీన్ని మించిన సాక్ష్యం దొరకదు. ఆ తర్వాతి ఏళ్లకు నర్సరీ లేఖ, ప్రతి తరగతి రిపోర్టు, జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర నమోదు చరిత్ర చాలు. పుట్టిన సర్టిఫికెట్ తల్లిదండ్రుల వివరాలున్న పూర్తి ప్రతే కావాలి. పిల్లను ఎరుగుదుమని సంతకం చేసే ఇద్దరు రెఫరీల్లో ఒకరు టీచరో డాక్టరో, వృత్తిరీత్యా పిల్లను ఎరిగినవారై ఉండాలి. మూడేళ్ల పరిచయం ఉండాలి, కాబట్టి ఏటా మారే క్లాస్ టీచర్ కన్నా హెడ్‌టీచర్ నయం.

ఫీజు 1,214 పౌండ్లు. ఒకప్పుడు 372 పౌండ్ల ఖర్చయ్యే పనికి 1,012 వసూలు చేసేవారు. దాని మీద నడిచిన కేసులో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఫీజు చట్టబద్ధమేనంది. అయినా అదే ఏడు జూన్ నుంచి కట్టలేని కుటుంబాల పిల్లలకు మాఫీ పెట్టారు. పసివాడి హక్కుకు ఇంత ధర పెట్టడం అన్యాయమని మా గట్టి అభిప్రాయం. మాఫీకి అర్హులైనవాళ్లు మొహమాటపడకుండా అడగాలి.

రెండోది ఏడేళ్ల దారి. 2022 జూన్ 20 నుంచి ఇది వలస నిబంధనల ‘ప్రైవేట్ లైఫ్’ అనుబంధంలో ఉంది. 18 నిండకముందే, ఏకబిగిన ఏడేళ్లు ఉండి, ఇప్పుడు దేశం విడిచి వెళ్లమనడం సమంజసం కాదని చూపిస్తే అనుమతి ఇస్తారు. అక్కడే పుట్టిన పిల్లకైతే నేరుగా ఐఎల్ఆర్. బయట పుట్టి వచ్చినవాళ్లకు ఐదేళ్ల తర్వాత. ఆ ఐదేళ్లను రెండున్నరేళ్ల చొప్పునైనా, ఒకేసారైనా అడగొచ్చు. ఫీజు 1,321, పిల్లలకు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776. రెండు విడతలైతే 6,522 పౌండ్లు, ఒకేసారైతే 5,201. ఆపైన ఐఎల్ఆర్‌కు 3,029. మొదటి దశ ఫీజుకు మాఫీ అడగొచ్చు, ఐఎల్ఆర్‌కు ఆ వీలు లేదు.

ఇక్కడ చిక్కంతా ‘సమంజసం’ అనే మాటతోనే. ఏడేళ్లు నిండాయి కదా అని నిశ్చింతగా వేసేవాళ్లున్నారు. అమ్మానాన్నలిద్దరికీ ఉండే హక్కు లేకపోతే, పిల్లలు వాళ్లతో పాటే వెళ్తారన్న వాస్తవాన్ని కూడా చూడాలని 2018లో కేఓ (నైజీరియా) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రుల తప్పును పిల్లల మీద రుద్దకూడదని కూడా అందులోనే ఉంది. అందుకే ‘మంచి పిల్లాడు’ అని రాసిన లేఖలు పది పెట్టినా లాభం లేదు. తెలుగు చదవడం, రాయడం రాదని, పదో పదకొండో ఇయర్‌లో జీసీఎస్‌ఈ (మన పదో తరగతి లాంటి పరీక్షలు) మధ్యలో ఉన్నాడని, ఫలానా చికిత్స ఇక్కడే నడుస్తోందని వివరంగా రాసిన ఒక్క లేఖ పని చేస్తుంది.

మా సలహా: అక్కడే పుట్టిన పిల్లకు డిపెండెంట్ వీసా భద్రంగా ఉంటే ఏడో ఏట 3,029 తగలేయకండి. ఇంకో మూడేళ్లు ఆగితే 1,214కే పౌరసత్వం వస్తుంది. కంపెనీ స్పాన్సర్ లైసెన్సు పోయి, కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడమో దేశం వదలడమో అనే 60 రోజుల గడువు మీద పడినప్పుడు మాత్రం ఏడేళ్ల దారే ఆసరా, ఎందుకంటే 2002 నాటి పౌరసత్వ, వలస చట్టం సెక్షన్ 117బి(6) కింద అది తల్లిదండ్రుల వాదనకూ బలం. అలాంటప్పుడు సొంతంగా ఫారం నింపకుండా లాయరు దగ్గరికి వెళ్లాలి.

మూడోది 18 నుంచి 25 లోపు వాళ్లది. 18 నిండకముందే వచ్చి, వయసులో సగం ఏకబిగిన అక్కడే గడిపి ఉండాలి. పన్నెండో పుట్టినరోజున వచ్చిన అమ్మాయికి 24కి సగం పూర్తవుతుంది. పన్నెండున్నరకు వచ్చినవాడికి సరిగ్గా 25కి పూర్తవుతుంది, అంటే దొరకదు. పదకొండు దాటి వచ్చినవాళ్లకు 18 లోపు ఏడేళ్లు నిండవు, కాబట్టి వాళ్లు 22 దాటేదాకా ఈ రెండు దారుల్లోనూ లేరు. ఏకబిగిన అంటే ఒకేసారి ఆరు నెలలకు మించి బయట ఉండకూడదు, మొత్తం 550 రోజులకు చేరకూడదు. తెలుగు వస్తుందని, క్రమశిక్షణ అబ్బుతుందని రెండేళ్లు హైదరాబాద్ స్కూల్లో వేసి వెనక్కి తీసుకెళ్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

ఇదే సగం వయసు సూత్రం యూనివర్సిటీలోనూ పనికొస్తుంది. చదువు రుణం నిరాకరించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 2015 నాటి టిగెరె తీర్పు తర్వాత ఇంగ్లండ్‌లో చదువు రుణాల నిబంధనల్లోకి వచ్చింది: 18 దాటినవాళ్లు వయసులో సగం, దాటనివాళ్లు ఏడేళ్లు అక్కడ ఉండి, చివరి మూడేళ్లు చట్టబద్ధ వీసా ఉంటే హోమ్ ఫీజు (స్థానికుల రేటు), రుణం రెండూ వస్తాయి. డిపెండెంట్ వీసా మార్చక్కర్లేదు. ఇది తెలియక విదేశీ ఫీజు కట్టేస్తున్న కుటుంబాలను చూస్తే బాధేస్తుంది.

2025 మేలో వచ్చిన శ్వేతపత్రం తల్లిదండ్రుల ఐఎల్ఆర్ కాలాన్ని ఐదు నుంచి పదేళ్లకు పెంచాలంది. ఇన్నాళ్లూ తల్లిదండ్రులకు ఐదేళ్లకే వచ్చేది, పిల్లలకు ఎంఎన్1 ఫారంతో (పిల్లల పౌరసత్వ నమోదుకు వాడే మరో ఫారం) సరిపోయేది, ఫారం టి అవసరమే పడేది కాదు. పదేళ్లయితే ఫారం టీయే దిక్కు, కాబట్టి ఇకమీద పుట్టిన రోజు నుంచే ప్రయాణాల తేదీలు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోవాలి.

పౌరసత్వ సర్టిఫికెట్ వచ్చాక మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు పేరుతో. ఇండియన్ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, బర్త్ సర్టిఫికెట్‌లో నాన్న పేరే ఇంటిపేరు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఆఫీసు అన్ని కాగితాల్లో ఒకే పేరు కావాలంటుంది. ఇండియాలో ద్వంద్వ పౌరసత్వం లేదు కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టును సరెండర్ చేసి, ఆ సరెండర్ సర్టిఫికెట్‌తో ఓసీఐకి (విదేశీ భారతీయులకు ఇచ్చే కార్డు) వెళ్లాలి. అక్కడా పేరు కలవాలి. పిల్లకు అయిదేళ్లప్పుడు పాస్‌పోర్టు రెన్యువల్ చేయించేటప్పుడే ఆ ఇంటిపేరు గడి నింపించండి.